గ్యాలరీలో చెప్పిన అంకె

దేవసహాయం మాస్టారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా నేరుగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెప్పేవారు. ఆ పని చేసి వస్తే జవాబు దొరికినట్టే, దొరక్కపోతే ఇంకో పని. చింతలరేవు హాకీ క్లబ్బులో నలభై ఏళ్లుగా ఇదే వరస. ఆయన దగ్గర ఆట నేర్చుకుని, ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెబుతూ, సాయంత్రాలు మైదానంలో ఆయనకు చేదోడుగా ఉంటున్న కామేశానికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. తెలిసీ అడిగాడు.

"మాస్టారూ, ఒక ఆటగాడికి మనం కట్టిన విలువ సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?"

అడగడానికి కారణం ఉంది. ఆ క్లబ్బుకు యజమాని అంటూ ఎవరూ లేరు. నాలుగు వందల మంది అభిమానులు చందాలు వేసుకుని నడుపుకుంటారు. ఏటా వేసవిలో ఒక ఆదివారం వాళ్లంతా గ్యాలరీ మెట్ల మీద కూర్చుని ఏ ఆటగాడికి ఎంత ఒప్పందమో తేలుస్తారు. ఆటగాళ్లు ఆ రోజు అటువైపు రారు. చేతులెత్తడాలు, చీటీలు ఏమీ ఉండవు. ఎవరో లేచి ఒక అంకె చెబుతారు, గ్యాలరీ ఔనంటే ఔను. కాబట్టి గొంతు ఉన్నవాడిదే రాజ్యం. తర్వాత మాస్టారు తన చేత్తో ఒప్పందం కాగితం రాస్తారు.

ఆ ఏడు జట్టు లీగులో అట్టడుగున తేలింది. దాన్ని పునాదుల నుంచి మళ్ళీ కట్టాలని అందరూ ఒక్కమాటగా అన్నారు గానీ, పాతవాళ్లలో ఎవరిని ఉంచాలి, ఎంతకు ఉంచాలి అన్న దగ్గర పేచీ వచ్చింది. టీకొట్ల దగ్గర, బస్సుల్లో, పెళ్లి పంక్తుల్లో అదే గోల. ఇంట్లోకి కొనే కందిపప్పు ధర తెలియని మగవాళ్లు కూడా గోల్‌కీపరు ధర మీద గంటలకు గంటలు మాట్లాడారు.

ఎక్కువ పేచీ నూకరాజు గురించి. గోలు దగ్గర కాపుకాసే ముప్పై నాలుగేళ్ల ఫుల్‌బ్యాక్. పోయినేడు అతని ఒప్పందం లక్షా ఎనభై వేలు. కామేశం దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. రెండేళ్ల మ్యాచ్‌లన్నీ అందులో గళ్లు గీసి రాసుకున్నాడు. ఆదివారం నాడు గ్యాలరీ నడిమధ్యన లేచి, ఆ పుస్తకం పైకెత్తి పట్టుకున్నాడు.

"నూకరాజు కొట్టిన గోల్స్ సున్నా. అతని కాళ్లకు బంతి తగిలి మన గోలు మీదికి ఊరికే కొట్టుకోమని ఎదుటివాళ్లకు మనం ధర్మం చేసిన పెనాల్టీ కార్నర్లు ముప్పై ఒకటి. తొంభై వేలు. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువిచ్చినా దండగ."

ఒక్కసారే చెప్పాడు. గ్యాలరీ ఔనంది, చప్పట్లు కూడా కొట్టింది. ఆ చప్పట్లకు కామేశం ఒళ్లు కాస్త పొంగిన మాట నిజం. ఇంటికి వచ్చాక మాత్రం మనసులో ఏదో నలుసు పడ్డట్టు ఉండి, తెల్లారాక మాస్టారి దగ్గరికి వెళ్లి ఆ ప్రశ్న అడిగాడు.

మాస్టారు ఒప్పందం కాగితం రాస్తూ ఉన్నారు. నూకరాజు పేరు రాసి, అంకె చోటు ఖాళీగా వదిలి, కలం పక్కన పెట్టారు.

"అతని ఇంటికి వెళ్లి ఆ అంకె నువ్వే చెప్పిరా. పుస్తకం కూడా పట్టుకెళ్లు. అక్కడ ఏం జరిగిందో ఒక్క మాట దాచకుండా నాకు చెప్పు" అన్నారు.

రేవు పక్క వీధిలో నూకరాజు ఇల్లు. కామేశం వెళ్లేసరికి అతను చాప మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. భార్య వీరవేణి ఉప్పు మూట వేడి చేసి అతని కాళ్లకు కాపడం పెడుతోంది. మనిషిని చూడగానే నూకరాజు గబుక్కున లుంగీ కిందికి లాక్కున్నాడు.

"రండి సారూ, రండి. కబురెడితే నేనే వద్దును కదండీ. వేణీ, సారుకి కాఫీ ఎట్టు."

కుర్చీ వేస్తే కామేశం వద్దని చాప మీదే కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మాట దానంతటదే వస్తుందని పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. నూకరాజు వంగి, ఒక్కో వరుసే వేలితో తడుముకుంటూ చదివాడు. తేదీ, ఎవరితో ఆట, 'కార్నర్, కాలికి తగిలింది, నూకరాజు'. చదివేకొద్దీ అతని మొహం విప్పారింది.

"ఇవన్నీ రాసెట్టారాండీ? వేణీ, ఓసారి ఇటురా. ముప్పై ఒకటంట, సారు ఒక్కటి కూడా వదల్లేదు. తాళ్లపాలెం వాళ్లతో ఆడినప్పుడు నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లావు చూడు, అదీ ఉంది ఇందులో."

వీరవేణి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, భర్త భుజం మీద నుంచి పుస్తకంలోకి చూసింది.

"మీకు తెలియందేముందండి" అన్నాడు నూకరాజు. "వాళ్లు కార్నర్ కొట్టేటప్పుడు మన గోల్లోంచి బంతికి ఎదురు పరిగెత్తేది ముందు నేనే కదండీ. కర్రకి అందితే సరే. అందకపోతే కాలడ్డెట్టాలి. మోకాలి కింద తగిలితే మళ్ళీ కార్నర్ ఇచ్చేస్తారు, నిజవే. కానీ కార్నర్ అంటే మనకింకా ఓ అవకాశం ఉన్నట్టేనండి. వదిలేస్తే గోలే. జనం తిట్టుకుంటారు, నాకూ వినపడతది. ఎవరూ చూట్టంలేదు అనుకున్నాను. మీరు చూశారు."

కామేశానికి ఆ నియమం తెలియనిది కాదు. పిల్లలకు నేర్పిన నియమమే. గడి గీసి, దాని మీద పేరు రాశాక, ఇక అందులో పడినవన్నీ ఒక్కలాగే కనిపించాయి. ఆ పేజీ నెత్తిన ఎర్ర సిరాతో 'తప్పులు' అని రాసి ఉంది. ఆ మాట వాళ్ల కంట పడకముందే దాని మీద అతను బొటనవేలు పెట్టాడు. అక్కడ ఉన్నంతసేపూ తియ్యలేదు. లేచి వెళ్లిపోదామా అనిపించింది గానీ మాస్టారి మాట అడ్డొచ్చింది.

"ఇంతకీ ఏ పని మీద వచ్చారండి?"

కామేశం చెప్పాడు.

"వినపడలేదండి" అన్నాడు నూకరాజు, కాస్త ముందుకు వంగి.

"తొంభై వేలు" అన్నాడు కామేశం మళ్ళీ. "ఈ ఏటికి."

నూకరాజు పుస్తకం మీద నుంచి చెయ్యి తీశాడు. వీరవేణి లోపలికి వెళ్లి గ్లాసు తెచ్చి కామేశం ముందు పెట్టింది.

"కాఫీ తాగండి బాబూ. చల్లారిపోతది."

"అలాగేనండి" అన్నాడు చివరికి నూకరాజు. "జట్టు కొత్తగా కడతన్నారు కదా, కుర్రాళ్లని తెచ్చుకోవాలి. నా తర్వాత ముందు పరిగెత్తేది ఎవరైనా సరే, భయపడి పక్కకి తప్పుకోవద్దని చెప్పండి. తిన్నగా ఎదురెళ్తేనే దెబ్బ తక్కువ." కొంచెం ఆగి, మొహమాటంగా అడిగాడు. "ఆ పుస్తకం ఓ రోజుకి ఇస్తారాండీ? మా అమ్మకి చూపించి తెచ్చిచ్చేస్తాను."

"ఇంకా రాయాల్సింది ఉంది" అని పుస్తకం మూసేశాడు కామేశం. అబద్ధం. దారిపొడుగునా ఆ అబద్ధమే అతన్ని ఎక్కువ కాల్చింది.

మాస్టారి దగ్గరికి వచ్చి, కాపడం దగ్గర మొదలుపెట్టి అబద్ధం దాకా అంతా చెప్పాడు. తల మాత్రం ఎత్తలేదు. మాస్టారు అన్నీ విని ఒక్కటే అడిగారు.

"అంకె రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందన్నమాట. అతను ఎంత దూరంలో ఉన్నాడు?"

"ఒకే చాప మీద కూర్చున్నాం మాస్టారూ."

కాగితం బల్ల మీద అలాగే ఉంది, అంకె చోటు ఖాళీగానే ఉంది.

"పోయినేటి అంకే వేసెయ్యండి మాస్టారూ. మీరు రాస్తే కాదనేవాళ్లు లేరు."

"అది గ్యాలరీ తేల్చాల్సిన మాట. ఆదివారం మళ్ళీ కూర్చోమని కబురు పెడతాను. నువ్వు లేచి చెప్పు."

కామేశం చేతిలోని పుస్తకం వంక చూసుకున్నాడు.

"తప్పులని రాసింది నేనేనని, ఆ రాతే తప్పని, అంతమంది ముందు చెప్పాలంటే నాకు గొంతు పెగలదు మాస్టారూ."

మాస్టారు కలానికి మూత పెట్టారు.

"నిన్న ఒక్కసారే చెప్పావు" అన్నారు. "నాలుగు వందల మందికీ వినపడింది."