సగం మట్టం, సగం వాలు

భీమిలిలో నూకరాజు అనే తాపీ మేస్త్రి ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, ఎదుటి మనిషికి కాదని చెప్పాల్సి వస్తే మాత్రం అతని నోరు పెగిలేది కాదు.

ఒక ఇంట్లో భర్త గోడకు కిటికీ కావాలన్నాడు. భార్య అదే గోడకు అలమర కావాలంది. నూకరాజు ఇద్దరికీ తల ఊపాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో అలమర తెరిస్తే చీరల వెనక నుంచి సముద్రపు గాలి కొడుతుంది. జనం నవ్వుకున్నారు, మంచివాడని కూడా అన్నారు. ఎవరినీ నొప్పించని మనిషికి ఆ పేరు తేలిగ్గానే వస్తుంది. నూకరాజు కూడా తాను మంచివాణ్ణనే అనుకునేవాడు.

ఆ ఏడు అతనికి కమలనాథం గారింట్లో పని దొరికింది. ఆయన కూతురు ఉత్పల జిల్లా జట్టులో కబడ్డీ ఆడేది. పోటీలకు వెళ్తుండగా బస్సు బోల్తా పడి నడుము దెబ్బతింది. కాళ్ళలో పట్టు పోయి చక్రాల కుర్చీకి చేరింది. వేడినీళ్ళలో ఒంటి బరువు తేలికవుతుంది కాబట్టి అందులో నిలబడటం మొదలుపెట్టాలనీ, ఆలస్యమైతే కండరాలు బిగుసుకుపోతాయనీ డాక్టరు చెప్పాడు. అందుకని కమలనాథం గారు పెరట్లో ఈశాన్యపు మూల పెట్టించడానికి పెద్ద వేడినీళ్ళ టబ్బు ఒకటి తెప్పిస్తున్నారు. దాని అడుగున గట్టి కాంక్రీటు నేల వెయ్యడం నూకరాజు పని.

టబ్బు కంపెనీ ఇంజనీరు ఫోనులో అంతా విడమరిచి చెప్పాడు. నీళ్ళు నిండితే ఆ టబ్బు ఒక జీపంత బరువు తూగుతుంది. ఆ బరువు నేల మీద అన్ని వైపులా ఒకేలా పడాలి. ఎక్కడా గుంట ఉండకూడదు, వాలు ఉండకూడదు. నూకరాజు సరేనన్నాడు.

మర్నాడు కమలనాథం గారి అన్నయ్య వీరభద్రం గారు వచ్చారు. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. పెరడు ఈశాన్యానికి పల్లంగా ఉండాలనీ, ఆ మూల అరుగులాంటిది ఏదీ పైకి లేవకూడదనీ, వాస్తు తప్పితే ఇంటి ఆడపిల్లకే చెరుపనీ ఆయన చేతికర్ర చూపిస్తూ చెప్పారు. నూకరాజు దానికీ సరేనన్నాడు.

అసలు దారి అతనికి తెలియక కాదు. టబ్బు కిందంతా మట్టంగా, కాస్త ఎత్తుగా ఒక దిమ్మె కట్టి, వాననీళ్ళు పోవడానికి చుట్టూ నేలకు వాలు ఇస్తే సరిపోతుంది. కానీ దిమ్మె లేపాలంటే పెద్దాయనకు ఎదురు చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది. కర్ర నేలకు తగిలిన చప్పుడుకే తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

పని మొదలైంది. నూకరాజు మెత్తటి ఇసక నేలను తవ్వించి, గ్రావెల్ పోయించి, తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టించాడు. ఇనప జాలీ పరిచి కాంక్రీటు పోశాడు. సరుకులో, శ్రమలో ఎక్కడా లోటు చెయ్యలేదు. ఒక్క చోటే రాజీ పడ్డాడు. పడమటి సగం మట్టంగా వేశాడు. తూర్పు సగాన్ని ఈశాన్యానికి వాలుగా దించాడు. ఇంజనీరు మాట సగం, పెద్దాయన మాట సగం దక్కాయి. రాజీ పడేవాళ్ళందరిలాగే అతనికీ తాను న్యాయం చేసినట్టే అనిపించింది.

ఉత్పల వరండాలోంచి చూస్తూ ఉండేది. వరండాకూ పెరడుకూ మధ్య మూడు మెట్లున్నాయి. ఆమె కుర్చీ పాలై ఇంతకాలమైనా, వాటి మీద ఒక బల్ల వాల్చాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తన కోసం వేసిన నేలను ఆమె దూరం నుంచే చూడాల్సి వచ్చింది.

"బాబాయ్, మట్టం కుదిరిందా?" అని అడిగింది.

"కుదిరిందమ్మా" అన్నాడు నూకరాజు.

"ఏదీ, చూపించు."

మేస్త్రీల దగ్గర రసమట్టం అని ఒక పట్టీ ఉంటుంది. దాని గాజు గొట్టంలో చిన్న బుడగ. నేల మట్టంగా ఉంటేనే ఆ బుడగ మధ్యలో నిలుస్తుంది. నూకరాజు రసమట్టాన్ని పడమటి సగం మీద పెట్టి, ఫోనుతో ఫోటో తీసి తెచ్చి చూపించాడు. బుడగ సరిగ్గా మధ్యలో ఉంది.

"మా రిఫరీల కంటే నయం. ఎటూ మొగ్గలేదు" అంది ఉత్పల.

నూకరాజు నవ్వాడు. అతను అబద్ధం చెప్పలేదు. నిజంలో తనకు వీలైన సగాన్ని చూపించాడు, అంతే.

టబ్బు వచ్చింది. కూలీలు దించి వెళ్ళిపోయారు. పడమటి వైపు అది నేలకు అతుక్కుని కూర్చుంది. తూర్పు వైపు గాలిలో నిలిచింది. నూకరాజు ఆ సందులో పలకరాళ్ళ ముక్కలు దోపి, చుట్టూ చెక్క బిగించాడు. సందు ఎవరికీ కనపడలేదు. తర్వాత వచ్చి కరెంటు కలిపిన మనిషికి కూడా కనపడలేదు.

వీరభద్రం గారు పెట్టిన ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టారు. కమలనాథం గారు, నూకరాజు చెరోవైపు పట్టుకుని ఉత్పలను నీళ్ళలోకి దించారు. ఆమె అంచు పట్టుకుంది. పళ్ళు బిగించి లేచింది. మోకాళ్ళు వణికాయి గానీ మడత పడలేదు. ఇద్దరూ చేతులు వదిలారు. ఆమె నిలబడింది.

అప్పుడు అడుగున రాళ్ళు పటపటా విరిగాయి. టబ్బు తూర్పుకు ఒరిగి, నెర్రె విచ్చి, నీళ్ళు పెరడంతా పారాయి. ఉత్పల భుజం అంచుకు కొట్టుకుని నీళ్ళలో మునిగింది. తండ్రి ఆమెను బయటికి లాగేసరికి ఊపిరి అందక దగ్గుతూ ఉంది.

ఉత్పల భుజానికి కట్టు కట్టించి తీసుకొచ్చాక అందరూ వరండాలో కూర్చున్నారు. వాలు చాలకపోవడం వల్లే ఇలా జరిగిందని వీరభద్రం గారు తేల్చారు. పగిలే సరుకు అంటగట్టిన కంపెనీ మీద కేసు వేస్తానని కమలనాథం గారు అన్నారు. నూకరాజు వైపు ఎవరూ వేలు చూపలేదు. ఏ మాటకు తల ఊపినా అతను గట్టెక్కిపోతాడు. అలవాటు కొద్దీ తల కాస్త వంగింది కూడా.

"కేసులూ వద్దు, ఇంకో టబ్బూ వద్దు. నేనిక నీళ్ళలోకి దిగను" అంది ఉత్పల. కాళ్ళ వైపు చూసుకుని, "నా కాళ్ళు నిలబడ్డాయి నాన్నా. కింద నేలే నిలబడలేదు" అంది.

నూకరాజు తల మధ్యలోనే ఆగింది.

"కంపెనీ తప్పు కాదండి" అన్నాడు. "వాలు చాలక కాదు, వాలు ఇచ్చినందుకే పగిలింది. సగం మట్టంగా వేశాను, సగం వాలుగా వేశాను. పాపకు మట్టంగా ఉన్న సగమే చూపించాను."

వీరభద్రం గారు కర్ర ఎత్తారు. "ఏరా, నా మాట విన్నందుకు తప్పయిందంటావా?"

"మీ మాట కుదరదని తెలిసీ చెప్పనందుకు తప్పయిందండి. తవ్వి మళ్ళీ వేస్తాను. ఈసారి దిమ్మె లేస్తుంది."

దిమ్మె లేస్తే తాను ఈ గడప తొక్కనని పెద్దాయన అన్నారు. అందరూ కమలనాథం గారి వైపు చూశారు. పుట్టిన దగ్గర్నుంచి అన్నగారికి ఎదురు చెప్పని మనిషి ఆయన. కూతురి భుజం మీది కట్టు వైపు చూసి, "లేవనీ అన్నయ్యా" అన్నారు.

వీరభద్రం గారు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు కాఫీ వేళకు తిరిగొచ్చారు గానీ, పెరటి వైపు మొహం మాత్రం తిప్పలేదు.

నూకరాజు ఈసారి ముందుగా ఆ మూడు మెట్ల మీద కుర్చీ దిగేలా సన్నని వాలు కట్టాడు. ఆ ఇంట్లో మొదట వాలు ఇవ్వాల్సిన చోటు అదే. తర్వాత పాత నేలను తనే సమ్మెటతో పగలగొట్టాడు. కొత్త దిమ్మె పోసిన రోజు ఉత్పల కుర్చీ తోసుకుంటూ వచ్చి రసమట్టం అడిగి తీసుకుంది. కుర్చీలోంచి వంగి, తడి కాంక్రీటు మీద పరిచిన చెక్క బద్దపై రసమట్టం పెట్టి ప్రతి మూలా తనే చూసింది. తూర్పు మూల బుడగ వెంట్రుకవాసి పక్కకు జరిగింది. ఆమె తల ఎత్తి అతని మొహంలోకి చూసింది.

"సరిగా లేదమ్మా" అన్నాడు నూకరాజు. కాంక్రీటు ఆరకముందే ఆ మూల గీకి మళ్ళీ సరిచేశాడు.

కంపెనీవాళ్ళు టబ్బు బాగుచేసి పెట్టారు. నీళ్ళు నింపారు. ఉత్పల రోజూ దాని దాకా వచ్చేది, చూసి వెనక్కి వెళ్ళేది. ఒకనాటి మధ్యాహ్నం నూకరాజును పిలిపించింది.

"ముందు నువ్వు దిగు బాబాయ్."

అతను లుంగీతోనే దిగాడు. తూర్పు వైపు నిలబడి, ఆమె చాలనేదాకా ఎగిరి గంతులు వేశాడు. నీళ్ళు చిందాయి గానీ కింద ఏదీ కదల్లేదు. ఉత్పల నవ్వి తండ్రికి చెయ్యి అందించింది. నీళ్ళలోకి దిగి అంచు పట్టుకుంది. మెల్లగా లేచి నిలబడింది. ఈసారి ఆమె కింద నేల కూడా నిలబడింది.

నిజాన్ని అడిగినవాళ్ళందరికీ తలా కొంచెం పంచిపెట్టడం మంచితనం కాదు; ఆ రాజీ బరువు చివరికి అప్పుడప్పుడే నిలబడుతున్నవాళ్ళ మీద పడుతుంది, కాబట్టి కాదనాల్సిన చోట, ఎదుట ఎంతవారున్నా, మొదటే కాదనాలి.