సోఫా మీద పిల్లి

డాక్టర్ ఇందుమతి దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. భీమవరంలో ముప్ఫై ఏళ్లుగా పశువైద్యం చేస్తున్న ఆవిడ దగ్గర ఎలీషా చేరి అప్పటికి ఆరు నెలలు.

ఆ ఉదయం నాంచారమ్మ అనే ఆవిడ తన పదకొండేళ్ల పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చింది. ఎంత పెట్టినా ఆవురావురుమంటూ తింటుందట, అయినా ఎముకలు తేలిపోయాయి. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా ఎక్కువుందని తేలింది. ఎలీషా మందు రాశాడు. ఇందుమతి మాత్రం, "ఇంట్లో పాత ఫోము సోఫా ఏమన్నా ఉందామ్మా?" అని అడిగారు. ఉందట. పిల్లి పడక దానిమీదేనట.

నాంచారమ్మ వెళ్లాక ఎలీషా ఆగలేకపోయాడు. "మంటలు అంటుకోకుండా ఫోములో కలిపే రసాయనాలు దుమ్ములో చేరి హార్మోన్లను చెడగొడతాయని నేనూ చదివాను మేడమ్. కానీ ఇంట్లో దుమ్మెంత, అందులో రసాయనమెంత? అంత కొంచెం ఏం చేస్తుంది?"

ఇందుమతి చెప్పులు వేసుకున్నారు.

నాంచారమ్మ ఇల్లు అద్దంలా ఉంది. ఆ ఇంట్లో ఏం వెతకాలో ఎలీషాకు తోచలేదు. ఇందుమతి అతన్ని నేలమీద కూర్చోబెట్టి, పిల్లిని చూస్తూ ఉండమని, తాను కొత్త ఆవకాయ కబుర్లలో పడ్డారు. సోఫా అంచు కుట్లు ఊడి లోపలి ఫోము పొడిపొడిగా రాలుతోంది. పిల్లి దానిమీద దొర్లింది. కాళ్లు, పొట్ట, తోక నాక్కుని శుభ్రం చేసుకుంది. దిగి తిరిగి వచ్చి, మళ్లీ దొర్లి, మళ్లీ నాక్కుంది.

నాంచారమ్మ మాత్ర విరిచి అరచేతిలో చూపించింది. "ఆవగింజంత లేదు. దీనికే పిల్లి బాగుపడుతుందా బాబూ?"

"పడుతుందండీ. హార్మోన్ల విషయంలో చాలా కొంచెం చాలు..." అంటూనే తానడిగిన ప్రశ్న గుర్తొచ్చి ఎలీషా ఆగిపోయాడు. ఇందుమతి వినిపించుకోనట్టే ఉన్నారు.

ఇంతలో నాంచారమ్మ కోడలు తొమ్మిది నెలల పాపను తెచ్చి కిందకు దింపింది. పాప చకచకా సోఫా దగ్గరకు పాకి, రాలిన పొడిలో చెయ్యి ఆడించి, వేళ్లు నోటి దగ్గరకు తీసుకెళ్లింది. ఎలీషా గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. పాప కెవ్వుమంది. ఇల్లంతా అతనివైపే చూసింది.

"దుమ్మండీ," అన్నాడు, ముఖం ఎర్రబడి.

నాంచారమ్మకు భయం పట్టుకుంది. "పిల్లికి దీనివల్లే వచ్చిందా డాక్టరుగారూ?"

"ఖాయంగా చెప్పలేనమ్మా. ముసలి పిల్లులకు ఊరికే కూడా వస్తుంది. కానీ అనుమానం ఉంది. సోఫా తీసేయండి. నేల తడిగుడ్డతో తుడవండి. పాపకు తినిపించేముందు చేతులు కడగండి," అన్నారు ఇందుమతి.

అది నాంచారమ్మ భర్త ముచ్చటపడి కొన్న సోఫా. ఆయన పోయి నాలుగేళ్లయింది. నాంచారమ్మ దాని చేతిమీద కాసేపు చెయ్యి వేసి నిలబడింది. తర్వాత కొడుకును పిలిచి, బయటికి మోయించింది.

నెల తర్వాత పిల్లిని మళ్లీ తెచ్చింది. పావుకిలో బరువు పెరిగింది. ఆవిడ వెళ్లాక ఎలీషా నెమ్మదిగా అడిగాడు: "పాప కూడా బాగుందట. అసలు ఆ పాపకు మొదటినుంచీ ఏమీ లేదు కదా మేడమ్?"

ఇందుమతి చేతులు కడుక్కుంటూ అన్నారు: "పాపలో కనబడలేదు, పిల్లిలో కనబడింది. అందుకే పిల్లిని తెచ్చారు."