చుక్క నిలుపుకోలేని చూడి

బయమ్మవ్వను ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేది కాదు. ఏదో ఒక పని చేతికిచ్చేది. ఆ గుట్ట మీది మఠంలో గురువూ ఆమే, గొర్రెల కాపరీ ఆమే.

శిష్యుడు సుంకన్నకు నిలకడ లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే వెళ్ళిపోవాలని. ఒక పొద్దున మూట కట్టుకుని వచ్చి అడిగేశాడు.

"అవ్వా, ఇన్నాళ్ళుగా నామం చెప్పుకుంటున్నా. లోపల ఏదన్నా పుట్టిందో లేదో తెలియడం లేదు. తెలియనిదానికి ఎంతకాలమని కూర్చునేది?"

అవ్వ ఆ మూట వైపు ఒకసారి చూసింది. తాను కొన్నాళ్ళు పొరుగూరు వెళ్ళొస్తాననీ, అందాకా చూడి గొర్రెలను కనిపెట్టుకోమనీ చెప్పి, కర్ర పట్టుకుని గుట్ట దిగిపోయింది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మేత అంటే మిగిలింది ఉలవలే, అవీ కొంచెమే. సుంకన్న వాటిని నానబెట్టి, పొట్టలు వేలాడే గొర్రెలకే పెట్టాడు. అతను ఇంటినుంచి తోలుకొచ్చిన గొర్రె, చుక్క, కూడా మూతి చాపింది. దాని మొదటి పిల్లను, మొగుడు పోయిన చెల్లెలికి ఇస్తానని అతను మాటిచ్చి ఉన్నాడు. ఆమె బతుకుతెరువు ఆ పిల్లతోనే మొదలవాలి. అయితే చుక్కను పొట్టేలు దాటి ఎన్నాళ్ళో కాలేదు, కడుపు ఇంకా పలకలాగే ఉంది. దాని మూతి పక్కకు నెట్టి ఎండుగుట్టకు తోలేశాడు. నాదని పక్షపాతం చూపలేదు కదా అని లోలోపల మురిశాడు కూడా, ఎంత వింతో చూడండి.

అవ్వ తిరిగొచ్చేసరికి చుక్క తోకాడిస్తూ మళ్ళీ పొట్టేలు వెంట తిరుగుతోంది. పెళ్ళికూతురి సోకులు దీనికింకా తీరలేదని సుంకన్న నవ్వాడు. అవ్వ నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఏం తిన్నదని అడిగింది. అతను చెప్పాడు.

"కట్టిన చూడి నిలవలేదురా," అంది.

సుంకన్న దొడ్డంతా తిరిగాడు, పెంట కెలికాడు. నెత్తురు మరకైనా లేదు.

"ఏమీ పడలేదే అవ్వా?"

"అంత పసిది నేలమీద పడదు నాయనా. తల్లిలోనే ఇంకిపోతుంది."

చెల్లెలి మొహం అతని కళ్ళముందు మెదిలింది. పొట్టేలు మళ్ళీ దాటింది. ఆ సాయంత్రం దోసిలినిండా ఉలవలు పట్టుకుని చుక్క ముందు కూర్చున్నాడు. దాని డొక్కలు తడిమాడు. చేతికేమీ తగల్లేదు.

"ఈసారి నిలిచిందో లేదో ఎట్లా తెలుస్తుందవ్వా?"

అవ్వ అతని మూట విప్పింది. బట్టలు పక్కన పెట్టి, మర్నాటికని నానబెట్టిన ఉలవలను మొలకెత్తడానికి ఆ గుడ్డలోనే కట్టి, తడిపి దూలానికి వేలాడదీసింది.

"పొట్ట కనబడినాక మేపడానికి గురువెందుకు, సుంకన్నా?"