రెండో సంతకం

ఐర్లండు దేశంలో కిల్‌బ్రాన్ అనే చిన్న రేవు ఊళ్లో, ఎవరూ ఏమీ అనకముందే వాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారో తానే ఊహించేసుకుని వణికిపోయే భానోజీరావు అనే అనకాపల్లి మనిషి ఉండేవాడు.

మనిషి మంచివాడే. మందుల కంపెనీలో ఉద్యోగం చేసేవాడు. పదకొండేళ్లు అద్దె ఇళ్లలో గడిపి, చివరికి హార్బర్ వీధిలో ఎనిమిదో నంబరు ఇల్లు కొన్నాడు. ఆ వీధిలో ఉన్నవి తొమ్మిదే ఇళ్లు, అన్నీ గోడకు గోడ ఆనుకుని ఉండేవి. చివరి రెండూ మేరీ అనే పెద్దావిడవి. ఎనిమిదో ఇంట్లో ఉండే తమ్ముడు పోయాక దాన్ని భానోజీకి అమ్మి, ఆవిడ తొమ్మిదో ఇంట్లో ఉండేది. భానోజీ భార్య సుభద్ర వారం తిరక్కుండానే ఆవిణ్ణి మేరమ్మను చేసేసింది.

ఇల్లు కొన్న రోజు నుంచి భానోజీకి మనశ్శాంతి పోయింది. అద్దె ఇల్లయితే ఎవరికి నచ్చకపోయినా పెట్టె సర్దుకుని పోవచ్చు. సొంతిల్లు అలా కాదే! ఇక్కడివాళ్లకి తనంటే పడకపోతే? తన కూతుర్ని ఏమైనా అంటే? ఈ ఆలోచనతో పోపు వేసేటప్పుడు కిటికీలన్నీ మూయించేవాడు. వీధిలో ఫోను మోగితే తెలుగులో మాట్లాడాల్సి వస్తుందని కట్ చేసేసేవాడు.

ఇంట్లో చేరిన రెండోరోజు పొద్దున్న గుమ్మం ముందు ఒక గోనెసంచి కనిపించింది. విప్పి చూస్తే నల్లటి మట్టిపెళ్లలు.

"చూశావా? మన గుమ్మంలో మట్టి పోసి వెళ్లారు!" అన్నాడు భానోజీ. వీధంతా చూస్తుండగా ఆ సంచి ఈడ్చుకెళ్లి చెత్తడబ్బాలో పడేశాడు.

నాలుగు రోజుల తర్వాత సుభద్ర కొట్లో అడిగి తెలుసుకొచ్చింది. అది బురదనేలలో తవ్వి ఎండబెట్టిన మట్టి. ఇక్కడివాళ్లు చలిపొయ్యిలో కాల్చుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ల ఇల్లు వెచ్చగా ఉండాలని ఎవరో పెట్టి వెళ్లారు.

"వెచ్చగా ఉండండర్రా అని ఇస్తే చెత్తలో పోశాం. ఇప్పుడు ఎనిమిది గుమ్మాల్లో ఏ గుమ్మానికెళ్లి దణ్ణం పెట్టమంటారు నన్ను?" అంది సుభద్ర.

భానోజీ సిగ్గుపడ్డాడు గానీ మారలేదు. "ఒక్క సంచితో ఏం తెలుస్తుంది? లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

బయటివాళ్లంటే పడనివాళ్లు ఆ ఊళ్లో అసలు లేరని చెప్పడం లేదు. ఉన్నారు. హార్బర్ వీధిలో కచ్చితంగా ఒకడున్నాడు. మొదటి ఇంట్లో ఉండే డెస్మండ్, పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరైనవాడు. భానోజీ ఎదురుపడితే అతను పలకరించకుండా మొహం తిప్పుకునేవాడు. మిగిలిన ఏడిళ్లవాళ్లూ చెయ్యి ఊపేవాళ్లు. కానీ భానోజీ లెక్క వేరు. ఊపిన ఏడు చేతులూ నటన, తిప్పుకున్న ఒక్క మొహమే నిజం అనుకునేవాడు.

ఇలా ఏడాది గడిచింది. మేరమ్మకు మోకాళ్లు సహకరించక, ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకుంది. కొనడానికి వచ్చినవాడు ఇద్రీస్. సూడాన్ దేశస్థుడు, ఊరి బస్సు నడుపుతాడు. భానోజీ రోజూ ఆ బస్సులోనే ఆఫీసుకు వెళ్లేవాడు. వాన పడుతున్న రోజుల్లో ఇద్రీస్ అరనిమిషం ఎక్కువ ఆపి, భానోజీ పరిగెత్తుకొచ్చేదాకా ఆగేవాడు.

ఆ శనివారం మధ్యాహ్నం ఎనిమిదో ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే డెస్మండ్! ఏడాదిలో మొదటిసారి అతను నవ్వాడు. చేతిలో ఒక కాగితం, కలం ఉన్నాయి.

"మేరీకి ఇవ్వడానికి చిన్న ఉత్తరం రాశాం," అన్నాడు డెస్మండ్. "తొమ్మిదో ఇల్లు ఈ ఊరివాళ్లకే అమ్మమని. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చేరితే వీధి వీధిలా ఉండదు కదా."

"మరి నేను కూడా…" అన్నాడు భానోజీ.

"ఛ, నువ్వు వేరు! పనిచేసుకుంటావు, చప్పుడు చెయ్యవు. నువ్వు మావాడివి. వీధంతా సంతకానికి సిద్ధంగా ఉంది. పక్కింటివాడివని నీ దగ్గరికే ముందొచ్చాను."

మావాడివి! ఈ ఒక్క మాట కోసం భానోజీ ఏడాదిగా కిటికీలు మూసుకున్నాడు. కాగితం కిందకి చూశాడు. డెస్మండ్ సంతకం ఒక్కటే ఉంది. దాని కింద ఖాళీ గీత.

వంటింట్లోంచి సుభద్ర వచ్చి పక్కన నిలబడింది. కాగితం చదివింది. మొహంలో నవ్వు చెదరకుండా తెలుగులో అంది: "ఏటండీ ఇది? పెట్టకండి."

భానోజీ కూడా నవ్వుతూనే బదులిచ్చాడు. "అరవకు. చూస్తున్నాడు."

"చూడనివ్వండి. విశాఖపట్నంలో అద్దిల్లు అడిగితే ఓనరు 'మీరేమిట్లు' అని కులం అడిగాడు. ఆ పూట మీకు అన్నం దిగలేదు. గుర్తుందా? ఇది అదే ప్రశ్న కాదూ?"

"అది వేరు, ఇది వేరు. వీధంతా పెడుతోంది సుభద్రా. మనమొక్కళ్లం పెట్టకపోతే రేపట్నుంచి మన మొహం చూస్తారా? పిల్ల ఇక్కడే పెరగాలి."

"వీధంతా పెడుతోందని ఎవరన్నారు? ఈయనా? ఆరు తలుపులున్నాయి. వెళ్లి అడగండి. పది నిమిషాల పని!"

"ఏమంటోంది మీ ఆవిడ?" అని అడిగాడు డెస్మండ్ మర్యాదగా.

"టీ తాగుతారా అని అడుగుతోంది," అన్నాడు భానోజీ. కలం తీసుకున్నాడు. సంతకం పెట్టేశాడు.

డెస్మండ్ భుజం తట్టి వెళ్లిపోయాడు. సుభద్ర వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. అరిస్తే బాగుండునని భానోజీ అనుకున్నాడు.

సోమవారం పొద్దున్న బస్సెక్కగానే ఇద్రీస్ మొహం వెలిగిపోయింది. "భానో! రోజూ బస్సులో కలుసుకుంటున్నాం. ఇంక గోడకి అటూ ఇటూ ఉంటాం!" అన్నాడు.

"అవునా? సంతోషం," అన్నాడు భానోజీ, టికెట్టు జేబులో పెట్టుకుంటూ. వెనక్కి వెళ్లి కూర్చోబోయాడు.

"ఒక్క మాట. మా సల్మా నిన్నే అడిగి రమ్మంది." ఇద్రీస్ గొంతు తగ్గించాడు. "ఇల్లు నచ్చింది. భయమంతా మనుషుల గురించే. ఇద్దరు పిల్లలు, ఆమె తలకి గుడ్డ కట్టుకుంటుంది. నువ్వు బయటినుంచి వచ్చినవాడివి, ఏడాదిగా ఉంటున్నావు. నీ మాటంటే నాకు నమ్మకం. ఎలాంటివాళ్లు ఆ వీధివాళ్లు?"

బస్సు కదలలేదు. ఇద్రీస్ అద్దంలోంచి అతని కళ్లలోకే చూస్తున్నాడు. భానోజీకి ఆ సంతకం కళ్ల ముందు ఆడింది. ఇద్రీస్ ఇల్లు కొంటే కాగితం సంగతి ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. కొనకపోతే అతనికి ఎప్పటికీ తెలియదు.

"పైకి బాగానే ఉంటారు," అన్నాడు భానోజీ. "లోపల మాత్రం మనలాంటివాళ్లంటే పడదు. పిల్లలున్నవాడివి. ఆలోచించుకో."

ఇద్రీస్ మొహం మీద వెలుగు ఆరిపోయింది. "చెప్పి మంచి పని చేశావు," అని బస్సు నడిపాడు. ఆ మెచ్చుకోలు దారి పొడుగునా భానోజీకి ముల్లులా గుచ్చుకుంది.

గురువారం సాయంత్రం మేరమ్మ కబురు పెట్టింది. భానోజీ ఒక్కడే వెళ్లాడు. ఇంట్లో సగం సామాన్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఆవిడ కూర్చోమంది. టీ ఇవ్వలేదు. ఆ ఊళ్లో ఇంటికొచ్చినవాడికి టీ ఇవ్వకపోవడం అంటే ఏమిటో భానోజీకి ఈపాటికి తెలుసు.

"పొద్దున్న ఇద్రీస్ ఫోన్ చేశాడు. ఇల్లు వద్దన్నాడు," అంది మేరమ్మ. "డెస్మండ్ కాగితం గురించి ఎవరైనా చెప్పారా అని అడిగాను. ఏ కాగితం అన్నాడు పాపం. మరి ఎవరు ఏం చెప్పి బెదరగొట్టారో!"

భానోజీ నేల చూశాడు.

ఆవిడ లేచి, బల్ల సొరుగులోంచి రెండు కాగితాలు తెచ్చి అతని ముందు పరిచింది. ఒకటి శనివారం నాటిది. కింద రెండే సంతకాలున్నాయి. డెస్మండ్‌ది, భానోజీది. అంతే. మిగతా గీతలన్నీ ఖాళీ.

"మిగతావాళ్లు… ఇంకా పెట్టలేదా?" అన్నాడు భానోజీ.

"ఇంకా ఏమిటి? నీ దగ్గరికి రాకముందే మిగతా ఆరు తలుపులూ కొట్టాడు. ఆరుగురూ పొమ్మన్నారు. ఏడో ఇంటి పాట్రిక్ అయితే కుక్కని వదులుతానన్నాడట. ఆఖరికి నీ గంట కొట్టాడు." మేరమ్మ రెండో కాగితం ముందుకి జరిపింది. "ఇది చదువు. పోయిన ఏడాదిది."

భానోజీ చదివాడు. అవే మాటలు, అదే దస్తూరీ. తొమ్మిదో ఇల్లు అన్నచోట ఎనిమిదో ఇల్లు అని ఉంది. 'ఇండియా నుంచి వచ్చిన ఒక కుటుంబం' అని ఉంది. కింద ఒకే ఒక్క సంతకం.

"పడవల షెడ్డు పక్కన బడిపిల్లలు పాడకూడదని ఒక కాగితం, కొత్త పాదిరీ సైకిలు తొక్కకూడదని ఒకటి. ముప్ఫై ఏళ్లుగా ఇలాగే రాస్తున్నాడు. ఈ వీధిలో ఎవరూ అతనికి తోడు సంతకం పెట్టలేదు," అంది మేరమ్మ. గొంతులో కోపం లేదు. అదే భానోజీకి భరించరానిదైంది. "నువ్వే మొదటివాడివి."

"నేను… అందరూ అలాగే అనుకుంటున్నారని…"

"ఎవర్ని అడిగావు?"

భానోజీ తల వంచుకునే చెప్పాడు. "ఇద్రీస్‌ని బెదరగొట్టింది కూడా నేనే."

మేరమ్మ తలుపు వైపు చెయ్యి చూపింది. "అయితే ఇక్కడేం చేస్తున్నావు? వెళ్లు," అంది.

మర్నాడు పొద్దున్న భానోజీ ఆఫీసు దగ్గర దిగలేదు. చివరి స్టాపు దాకా కూర్చున్నాడు. అందరూ దిగిపోయారు. ఇద్రీస్ ఇంజను ఆపి, "ఏంటి భానో, నిద్రపోయావా?" అని నవ్వాడు.

భానోజీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కాగితం సంగతి చెప్పాడు. తన సంతకం గురించి చెప్పాడు. ఆరు తలుపుల సంగతీ, పోయినేడు కాగితం సంగతీ చెప్పాడు. "వీధివాళ్లకి నువ్వంటే పడకపోవడం కాదు. పడనివాళ్లం ఇద్దరమే. అందులో ఒకణ్ణి నేను. ఆ ఇల్లు కొనుక్కో ఇద్రీస్. నీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు.

ఇద్రీస్ నవ్వు మెల్లగా పోయింది. స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి ముందుకే చూశాడు.

"సంతకం అర్థమవుతుంది," అన్నాడు. "భయపడ్డావు. నేనూ భయపడ్డవాణ్ణే. కానీ సోమవారం నేను నిన్ను అడిగాను భానో. ఊరిని కాదు, నిన్ను అడిగాను. నీ తప్పుని తెలివిగా ఆరిళ్లవాళ్ల నెత్తిన పెట్టావు."

"తప్పే. అందుకే వచ్చాను. ఇంకా ఆలస్యం కాలేదు…"

"అయింది. సల్మా రెండు రాత్రులు ఏడ్చింది. నిన్న వేరే ఊళ్లో ఇల్లు చూసి మాటిచ్చేశాం. చిన్నది. సముద్రం కనబడదు. వచ్చే నెల నుంచి ఈ బస్సు కూడా నాది కాదు."

ఇద్రీస్ తలుపు తెరిచాడు. భానోజీ దిగాడు. చినుకులు పడుతున్నాయి. బస్సు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆదివారం భానోజీ ఒకటో ఇల్లు వదిలేసి, రెండో ఇంటి నుంచి తలుపులు కొట్టాడు. సుభద్ర రానంది. "సంతకం ఒక్కరే పెట్టారు, ఇదీ ఒక్కరే చేసి రండి," అంది. ప్రతి గుమ్మంలోనూ తాను చేసింది చేసినట్టు చెప్పాడు. తిడతారనుకున్నాడు. తలుపు మొహాన వేస్తారనుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. పాట్రిక్ తలుపు పూర్తిగా తీసి, "తెలుసు. వానలో నిలబడకు, లోపలికి రా," అన్నాడు. లోపల చలిపొయ్యి మండుతోంది. భానోజీ ఆ పొయ్యి ముందు కూర్చుని, ఇద్రీస్ పిల్లలు ఉండవలసిన వీధిలో తానొక్కడే వెచ్చబడుతున్నందుకు తలెత్తలేకపోయాడు.

మేరమ్మ ఇల్లు ఆ ఏడాదంతా ఖాళీగానే ఉండిపోయింది.

నీతి: ఎదుటివాళ్ల మనసులో ఏముందో అడిగి తెలుసుకోకుండా చెడునే ఊహించుకుని భయపడేవాడు, చివరికి ఆ చెడును తన చేతులతో తానే చేస్తాడు.