నున్నబడిన తిరగలి

నాగలింగ స్వామి మఠంలో పున్నమి భజనకు ఇరవై ఏళ్ళుగా తత్వం ఎత్తుకునేది సుంకులమ్మే. పోయిన పున్నమికి మూడో చరణం దగ్గర ఆమెకు మాట ఆగిపోయింది. ఎంత వెతుక్కున్నా రాలేదు.

"ఏమక్కా, చరణం ఎలుక ఎత్తుకపోయిందా?" అంది పక్కనున్న బాలక్క. అందరూ నవ్వారు. సుంకులమ్మ కూడా నవ్వింది గానీ, ఇంటికి పోయి అన్నం ముట్టలేదు.

కర్నూలులో డాక్టరు తలకు స్కానింగు తీయించాడు. మెదడులో జ్ఞాపకాలు దాచుకునే చోటు కొంచెం తగ్గిందని, పెద్దవయసులో కొందరికి ఇట్లా అవుతుందని, భయపడేంత మరుపు కాదని చెప్పాడు. ఆమెకు మాత్రం తగ్గిందన్న మాట ఒక్కటే చెవిలో ఉండిపోయింది.

మర్నాడు తన భజన తాళాలు గుడ్డలో మూటగట్టి మఠానికి తెచ్చి నాగలింగ స్వామి ముందర పెట్టింది.

"ఇవి బాలక్కకు ఇయ్యండి స్వామీ. నా తల అరిగిపోయిందంట."

స్వామి మూట వైపు చూడలేదు. "సంగటికి రాగులు విసరాల. రా, కూర్చో," అన్నాడు.

ఆమె తిరగలి తిప్పింది. పోసిన రాగులు పోసినట్టే బయటికొచ్చాయి.

"రాయి నున్నబడింది స్వామీ."

"అయితే దిబ్బలో పారేద్దాం."

"పారేసేదెందుకు? రాయి గట్టిదే. ఉలితో గంట్లు పెట్టి కక్కు కొడితే మళ్ళీ విసురుతుంది."

అనేసి ఆమె తను తెచ్చిన మూట వైపు చూసింది.

స్వామి ఉలి, సుత్తి తెచ్చాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఇద్దరూ రాళ్ళకు గంట్లు పెట్టారు. పెడుతూ పెడుతూ ఆయన ఒక తత్వం అందుకున్నాడు. ఆమె ఎప్పుడూ వినంది.

"నువ్వూ అను."

"పాతవే నిలవడం లేదు, కొత్తది యాడ పట్టుకునేది స్వామీ?"

"ఒక్క చరణమే."

అంది. రెండో మాట దగ్గర తప్పింది. మళ్ళీ అంది. ఈసారి చివర తప్పింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశారు గదా స్వామీ."

స్వామి పైరాయి ఎత్తి పెట్టి దోసెడు రాగులు పోశాడు. ఆమె తిప్పింది. పిండి రాలింది. వేలితో అద్ది నాలుక మీద వేసుకుంది.

"ఇసక తగులుతోంది."

"కక్కు కొట్టినాక మొదటి పిండి అట్లే ఉంటుంది. అది పారబోసి ఇంకో దోసెడు పొయ్యాల."

సుంకులమ్మ ఆ పిండి పక్కకు ఊడ్చింది. ఇంకో దోసెడు పోసి, చరణం మొదటి నుంచి ఎత్తుకుంది.

స్వామి మూట విప్పి, మెల్లగా తాళం వేశాడు.