పెళ్ళింట శవాసనం

విశాలాక్షిగారికి ప్రశ్న అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు లేదు. తెనాలిలో నరాల జబ్బులవాళ్ళకి ఆవిడ ఊపిరి సాధన, విశ్రాంతి పద్ధతులు నేర్పుతారు. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన గంగాధరం ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు. "మేడమ్, నెలల తరబడి నేర్పుతున్నా వీళ్ళ నొప్పి పోవడం లేదు. డాక్టర్లిచ్చిన మందులు ఎలాగూ వాడుతున్నారు. ఇక మనం ఇస్తున్నదేంటండీ?"

"ఆదివారం మంగతాయారు కూతురి పెళ్ళి. నువ్వూ రా," అన్నారావిడ.

విశాలాక్షిగారి దగ్గర సాధన నేర్చుకుంటున్న మంగతాయారుకి ఎనిమిదేళ్ళుగా నరాల జబ్బు. అరికాళ్ళు భగభగ మండుతాయి. మధ్యాహ్నమయ్యేసరికి ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టు పోతుంది. పెద్దకూతురి పెళ్ళిలో సరిగ్గా ముహూర్తం ముందు కూలబడిపోతే, బావగారూ తోడికోడలూ పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. కన్నతల్లి గోడకి జారగిలబడి చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు రెండో పిల్ల పెళ్ళి, ఆ ఇంట ఆఖరి పెళ్ళి. తోడికోడలు రత్నకుమారి ఎందుకైనా మంచిదని పట్టుచీర కట్టుకుని సిద్ధంగానే ఉంది. కొందరి ముందుచూపు చూస్తే ఒళ్ళు మండుతుంది.

ముహూర్తం ఇంకో గంట ఉందనగా మంగతాయారు పెళ్ళికూతురి గదిలో, అంతమంది చుట్టాల మధ్య, చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంది. చేతులు పక్కకి చాచి, కళ్ళు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా తీసి వదలడం మొదలుపెట్టింది.

"మంగా, ఇదేం పడకే? మగపెళ్ళివారు చూస్తే ఏమనుకుంటారు? ఓపిక లేకపోతే చెప్పు, మేం కూర్చుంటాం," అంది రత్నకుమారి.

"ఓపిక ఉండగానే పడుకున్నానక్కా. అదయిపోయాక పడిపోతే మీరంతా జాలిపడతారు. ఆ జాలి నాకొద్దు."

అంతలో పెళ్ళికొడుకు మేనత్త వచ్చి, ఆవిడకేమైందని అడిగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ గంగాధరం పాఠం అప్పజెప్పినట్టు, "శవాసనమండీ," అన్నాడు. గదంతా గతుక్కుమంది. పెళ్ళింట అనాల్సిన మాటేనా అది?

మంగతాయారు కళ్ళు తెరవలేదు. "నిజమేనండీ. ఇంకో ఇరవై నిమిషాలు శవాన్నే. ఆ తర్వాత పెళ్ళికూతురి తల్లిని. అందాకా నన్నెవరూ కదపొద్దు."

ఎవరూ కదపలేదు. ముహూర్తానికి ఆవిడ లేచి వెళ్ళి భర్త పక్కన పీట మీద కూర్చుంది. అల్లుడి కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంటే చెయ్యి వణికింది, ధార అటూ ఇటూ పోయింది, సగం నీళ్ళు భర్త పంచె మీదే పడ్డాయి. రత్నకుమారి అందుకోబోయింది కూడా. మంగతాయారు చెంబు వదల్లేదు.

భోజనాల దగ్గర గంగాధరం ఆవిణ్ణి పలకరించి వచ్చాడు. తిరుగుదారిలో నీరసంగా అన్నాడు, "అడిగానండీ. నొప్పి పొద్దున ఎంతుందో ఇప్పుడూ అంతే ఉందట."

విశాలాక్షిగారు నడక ఆపలేదు. "నొప్పిని అడిగి కూర్చుందటయ్యా ఆవిడ పీటల మీద?"