రాజు అడిగిన మాట

సాలెవారి వల్లభయ్య ముప్పై ఏళ్లు దేశాలన్నీ తిరిగి, ఏ రాజు ఏ దేవుణ్ణి ఎందుకు కొలుస్తాడో తాటాకుల మీద రాసుకున్నాడు. మంచు కమ్మిన ఒక ఉదయం కొత్త రాజు అతన్ని పిలిపించాడు.

"దేవుడు నా పక్షానే ఉన్నాడని నీ గ్రంథంలో రాయి. లేదంటే ఆకులన్నీ తగలబెట్టిస్తాను."

వల్లభయ్య కళ్లు మూసుకున్నాడు. తను దాటిన నదులూ, విన్న గుడిగంటలూ ఆ మంచులోనే కరిగిపోతున్నట్టు అనిపించింది.

"అలాగే ప్రభూ. మీరు రాయమన్నారని కూడా రాస్తాను. ఈ మాట రాయమన్న రాజుల్లో మీరు అయిదోవారు."

"మిగతా నలుగురూ ఎవరు?"

"సింహాసనం చేజారుతుందని భయపడ్డవాళ్లు. నిబ్బరంగా ఉన్న రాజెవరూ అడగలేదు. అదీ ఈ తాటాకుల్లోనే రాసి ఉంది."

రాజు కిటికీలోంచి కనిపించే మంచు వైపు తిరిగి అన్నాడు.

"నేనూ అడగలేదని రాసుకో."

"అబద్ధం రాయలేను ప్రభూ. అడిగారని మాత్రం రాయను" అని, వల్లభయ్య తాటాకుల కట్టను గుండెకు హత్తుకుని, కలలో నడిచినట్టు మంచులోకి నడిచిపోయాడు.